అన్యుని స్వరము

ధ్యాన భాగములు: యోహాను 10:1–10, ఆదికాండము 27:15–27, 1 రాజులు 21:1–16, నెహెమ్యా 6:1–14



గొఱ్ఱెల దొడ్డిని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము మనమందరము చిన్ననాటినుండి వినుచున్నదే. దొడ్డికి ద్వారమొకటి యున్నది. కాపరికి ఆ ద్వారము చాలును. దొంగకు మాత్రము గోడ కావలెను. కాపరి పిలిచినప్పుడు గొఱ్ఱె తలయెత్తి వచ్చును. ఎఱుగని గొంతు వినబడినప్పుడు బెదరి పారిపోవును. గొఱ్ఱెకు చదువు లేదు, తెలివి తక్కువ యని మనము నవ్వుదుము. అయినను స్వరమును గుర్తుపట్టు విషయములో అది మనకంటె మేలైనదని ఈ దినములలో మాకు తోచుచున్నది.

కైకలూరు మొదలు ఆకివీడు వఱకు, ఏలూరు మొదలు కొల్లేటి నడిమి లంకల వఱకు మన విశ్వాసులలో అనేకులు చేపల చెఱువులమీద బ్రతుకుచున్నవారే. రాత్రి వేళ గట్టుమీద పాక వేసికొని, కుక్కను కట్టుకొని, టార్చిలైటు చేతబట్టి కావలి కాయుదురు. తూము దగ్గఱ జాలీ సరిగా నున్నదా లేదా యని రెండు పూటల చూచుదురు. గట్టులో ఎండ్రకాయ బొరియ కనబడినచో ఆ దినమే మట్టి వేసి త్రొక్కుదురు. ఎందుకనగా వ్రేలు పట్టునంత బొరియ తెల్లవారుసరికి గండియగునని వారెఱుగుదురు. అంత జాగ్రత్తగల మనుష్యుని చొక్కా జేబులో ఒక ఫోను ఉన్నది. ఆ ఫోనులో అతని బేంకు ఖాతా, ఆధార్ నకలు, కుమార్తె పెండ్లి ఫొటోలు, బంధువులందరి నంబర్లు ఉన్నవి. చెఱువునకు నాలుగు వైపుల గట్టు ఉన్నది గాని దీనికి గట్టు లేదు. ఇప్పటి దొంగ గోడ దూకడు, కన్నము వేయడు. మర్యాదగా ఫోను చేసి, "అమ్మగారండీ" అని పిలుచును.

కొల్లేటి అంచున నున్న ఒక సంఘములో జరిగిన సంగతి చెప్పుదుము. ఊరి పేరును మనిషి పేరును చెప్పము. ఆ సహోదరి విధవరాలు; ఎండుచేపల బేరముమీద పిల్లలను పెంచినది. కుమారుడు కువైటులో పనిచేయుచున్నాడు. ఇరువది యేండ్లుగా స్త్రీల సమాజమునకు ధనాధికారిగా నుండి ఒక్క రూపాయి లెక్క తప్పనిది. సమాజపు డబ్బు ఆమె ఖాతాలోనే యుండెడిది. కోతపండుగకు నెల దినములు ముందుగా ఒక మధ్యాహ్నము ఆమెకు ఫోను వచ్చెను. "అమ్మా, బేంకునుండి మాట్లాడుతున్నామండి. మీ కాగితాలు పాతబడ్డాయి. ఈ సాయంత్రానికి సరిచేయకపోతే ఖాతా ఆగిపోతుందండి. మీ అబ్బాయి పంపిన డబ్బు వెనక్కి పోతుంది." కుమారుని పేరు అతడు పలికెను. ఆ పేరు వినగానే ఆమెకు నమ్మకము కలిగెను. అతడు పంపిన ఫైలును తాకుమనగా తాకెను. తెరమీద వచ్చిన ఆరు అంకెలను చదువుమనగా ఒకసారి కాదు, మూడుసార్లు చదివెను. సాయంత్రమునకు ఖాతాలో నున్న ఇరువదిమూడు వేల ఆరువందల రూపాయలు లేవు. అందులో సగము సమాజపు సొమ్ము.

ఆమె ఎవరితోను చెప్పలేదు. సిగ్గుచేత పందొమ్మిది దినములు లోలోపల కుమిలెను. కోతపండుగ ఆదివారమున సమాజపు లెక్క అడిగినప్పుడు ఆమె లేచి నిలువలేకపోయెను. అప్పుడు వెనుక వరుసలో ఎవరో, "మొన్ననే గదా ఇంటికి కొత్త రేకులు వేయించింది" అనిరి. మేమును అక్కడ నుంటిమి. ఆ మాట వింటిమి. వారిని వారింపలేదు. ఈ సంగతిని తరువాత మరల చెప్పుదుము. ముందుగా దొంగ వచ్చు మార్గములను పరిశుద్ధ గ్రంథము వెలుగులో చూచెదము.

ఒకటవది, మాఱు గొంతు, మాఱు చేయి.

ఇస్సాకు ముసలివాడై చూపు కోలుపోయిన దినములలో యాకోబు మేకపిల్లల చర్మమును చేతులకు చుట్టుకొని అన్నవలె వచ్చెను. తండ్రికి గొంతు అనుమానముగానే తోచినది. కాని చేతిని తడిమి చూచి నమ్మెను. ఈ కథ నేడు అక్షరాల జరుగుచున్నది. ఊళ్లలో మినీ బేంకు దగ్గఱ ఆధార్ సంఖ్య చెప్పి వ్రేలు పెట్టినచో పింఛను డబ్బు చేతికి వచ్చును. చదువురాని వారికి ఇది గొప్ప మేలు. అయితే 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారములో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూమి రిజిస్ట్రేషను దస్తావేజులమీద నున్న వేలిముద్రలకు రబ్బరు నకళ్లు చేసి, వాటితో వేలకొలది సిమ్ కార్డులను పరుల పేర పనిచేయించి పట్టుబడెను. మేకచర్మమునకు బదులు రబ్బరు తొడుగు! అటువంటి నకిలీ ముద్రలతోనే ఆ మినీ బేంకు పద్ధతిలో పరుల ఖాతాలనుండి డబ్బు తీసిన దొంగలును తరువాత మన దేశములో పట్టుబడిరి.

రహస్య సంఖ్యను మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. కావున ఆధార్ సంస్థవారు వేలిముద్రలకు తాళము వేయు సదుపాయమును కల్పించియున్నారు. వారి యాప్‌లో గాని ఆధార్ కేంద్రములో గాని దానిని వేయించుకొని, పింఛను తీసికొను దినమున తెఱచి, మరల మూయవచ్చును. నకలు ఇయ్యవలసి వచ్చినప్పుడు చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ కాగితము కూడ దొరకును. లాడ్జిలోనైనను, అద్దె యింటికైనను, అది చాలినచోట పూర్తి సంఖ్యను ఇయ్యనక్కఱలేదు. సందేహమున్నచో 1947 అను సంఖ్యకు ఫోను చేసి అడుగవచ్చును.

ఇస్సాకు కాలములో గొంతు ఒక్కటే నిజము చెప్పినది. నేడు ఆ గొంతును కూడ నమ్ముటకు వీలులేకున్నది. ఒక మనిషి మాటలాడిన కొద్ది మాటలను పట్టుకొని, కృత్రిమ మేధ యంత్రములు అదే గొంతుతో క్రొత్త మాటలు పలికించుచున్నవి. "అమ్మా, నన్ను పట్టుకున్నారే, వెంటనే డబ్బు పంపవే" అని కుమారుని గొంతే ఏడ్చినను, పెట్టివేసి, మనయొద్ద నున్న పాత నంబరుకు మనమే తిరిగి చేయవలెను.

రెండవది, దొంగ ముద్ర.

నాబోతు తన పితరుల ద్రాక్షతోటను రాజునకు అమ్మనన్నప్పుడు యెజెబెలు చేసినదేమి? అహాబు పేర ఉత్తరములు వ్రాసి, అహాబు ముద్ర వేసి, ఆ పట్టణపు పెద్దలకు పంపెను. ముద్రను చూచిన పెద్దలు ఒక్కడును రాజునొద్దకు పోయి, "ఇది తమరు వ్రాసినదేనా?" యని అడుగలేదు. ఆ యొక్క ప్రశ్న అడుగనందున నిరపరాధి రాళ్లతో కొట్టబడి చచ్చెను.

ఇప్పుడు వీడియోలో పోలీసు దుస్తులు వేసికొన్నవాడు కనబడును. వెనుక జెండా, గోడకు చిహ్నము, చేతిలో వారంటు కాగితము. "నీ పేర వచ్చిన పార్సెలులో మాదకద్రవ్యములు దొరికినవి. నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి. గదినుండి కదలవద్దు. ఎవరికిని చెప్పవద్దు. ఖాతాలో నున్నదంతయు పరీక్షకు పంపుము" అనును. రిటైరైన ఉపాధ్యాయులు, డాక్టర్లు, ఉద్యోగులు కూడ భయపడి జీవితకాలపు పొదుపును పంపివేసియున్నారు. సహోదరులారా, ఇది రూఢిగా తెలిసికొనుడి: మన దేశపు చట్టములో డిజిటల్ అరెస్టు అనునది లేనేలేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో దేశమంతటికి ఈ మాటనే చెప్పి, ఆగుడి, ఆలోచించుడి, తరువాత చేయవలసినది చేయుడి యని హెచ్చరించెను. ఏ పోలీసును, ఏ న్యాయాధిపతియు ఫోనులో అరెస్టు చేయడు, ఫోనులో డబ్బు అడుగడు.

అట్టి దొంగ చెప్పు మాటలలో ఒక్కటి గుర్తుంచుకొనుడి: ఎవరికిని చెప్పవద్దు. మందలోనుండి ఒక గొఱ్ఱెను విడదీసిన తరువాతనే తోడేలు దానిని పట్టును. కావున మనలను ఒంటరిగా చేయజూచు ఫోను వచ్చినయెడల, ఆ క్షణముననే తలుపు తెఱచి ప్రక్కింటివారిని పిలువవలెను. ఫోను చేయువాడు నిజమైన అధికారియైతే ప్రక్కింటివారు వినినందున అతనికి నష్టమేమి?

మూడవది, దెలీలా పట్టు.

సమ్సోను బలముగలవాడు. సింహమును చీల్చినవాడు. దెలీలా అతనిని బలముచేత గెలువలేదు. అడిగి, అడిగి, దినదినము విసిగించి, అతని నోటనే రహస్యమును రప్పించినది. తాళము పగులగొట్టుట కష్టము; తాళపుచెవిని అడిగి తీసికొనుట సులువు. ఓ.టి.పి. యనునది అట్టి తాళపుచెవియే. బేంకువారు దానిని మనకు పంపుదురు గాని మనయొద్దనుండి ఎన్నడును అడుగరు. అడిగినవాడు బేంకువాడు కాడు. ఇందులో మినహాయింపు లేదు.

యు.పి.ఐ. మన దేశములో 2016లో వచ్చినది. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోయు కూలీ మొదలు ఏలూరులో పూలమ్ము తల్లి వఱకు నేడు దానిని వాడుచున్నారు. అయినను ఒక చిన్న సంగతి తెలియక అనేకులు మోసపోవుచున్నారు. యు.పి.ఐ. పిన్ సంఖ్య డబ్బు పంపుటకే గాని పుచ్చుకొనుటకు అక్కఱలేదు. "మీకు బహుమతి వచ్చింది, మీరమ్మే పడవకు అడ్వాన్సు పంపుతున్నాను, ఈ బొమ్మను స్కాను చేసి పిన్ కొట్టండి" యని ఎవడైన చెప్పినచో, అతడు మన జేబులోనికి వేయుటలేదు, మన జేబులోనుండి తీయుచున్నాడు. వాట్సాప్‌కు వచ్చు ఆరంకెల సంఖ్యయు అట్టిదే. దానిని చెప్పినయెడల మన పేర, మన ఫొటోతో, మన బంధువులందరిని అప్పు అడుగువాడొకడు పుట్టును. వాట్సాప్‌లోనే రెండవ తాళము, అనగా మనమే పెట్టుకొను మఱియొక పిన్, వేసికొనుటకు వీలున్నది. నేడే వేసికొనుడి.

నాలుగవది, గిబియోనీయుల పాత చెప్పులు.

గిబియోనువారు ప్రక్క ఊరివారైయుండి, పాతబడిన గోనెలు, అతుకుల చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు చూపి దూరదేశస్థులమని నమ్మించిరి. యెహోషువయు పెద్దలును రొట్టెను చూచిరి గాని దేవునియొద్ద విచారింపలేదు. వేషమును చూచి ఒడంబడిక చేసిరి. గూడెము మార్కెట్టులో ఉల్లిపాయలు కొను వ్యాపారి బస్తామీది ముద్రను చూచి ధర కట్టడు. బస్తాను కుమ్మరించి లోపల చూచును. ఫోనులో మాత్రము మనము ముద్రను చూచి బస్తా నెత్తికెత్తుకొనుచున్నాము.

వాట్సాప్‌లో పెండ్లి శుభలేఖ వచ్చును. రైతు పథకపు జాబితా వచ్చును. మోటారు సైకిలుకు చలానా పడినదని వచ్చును. పేరు చివర ఏ.పి.కె. అను మూడక్షరములున్నవో లేవో చూడుడి. ఉన్నయెడల అది శుభలేఖ కాదు, ఒక యాప్. దానిని తాకి అనుమతులిచ్చినచో మన ఫోనునకు వచ్చు సందేశములను దూరముననున్న దొంగ చదువును, ఓ.టి.పి. మనము చెప్పనక్కఱయే లేదు. అట్లే, "మీ సమస్య సరిచేస్తాము, ఈ యాప్ పెట్టుకోండి" యని చెప్పి మన తెరను తామే చూచువారున్నారు. యాప్‌లను ఫోనులో నున్న అంగడినుండి తప్ప, ఎవరో పంపిన లంకెనుండి ఎక్కించుకొనకూడదు. అక్కడ దొరకునవి కూడ అన్నియు మంచివని యెంచరాదు.

అప్పుల యాప్‌ల సంగతి ఇంకను ఘోరము. 2020 మొదలు 2022 వఱకు మన రెండు తెలుగు రాష్ట్రములలో ఎందఱో యౌవనులు అయిదారు వేల అప్పుకొఱకు వీటిలో చిక్కిరి. అప్పు ఇచ్చునప్పుడే ఆ యాప్ ఫోనులోని నంబర్లను, ఫొటోలను తీసికొనెడిది. తరువాత బంధువులకు, పనిచేయు చోటికి ఫోనులు చేసి, ఆడపిల్లల ఫొటోలను మార్చి పంపి వేధించిరి. సిగ్గు భరింపలేక ప్రాణములు తీసికొన్నవారున్నారు. రిజర్వు బేంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన నిబంధనల ప్రకారము అప్పుల యాప్‌లు ఫోనులోని నంబర్ల పట్టికను, ఫైళ్లను, కాల్ వివరములను ముట్టరాదు. ముట్టజూచిన యాప్ ఏదైనను అది నియమము మీఱినదే. అయితే దీనిలో సంఘమునకును ఒక ప్రశ్న యున్నది. పిల్లవాని ఫీజుకు అయిదు వేలు కావలసి, మన ప్రక్క బల్లమీద కూర్చుండు సహోదరుడు మనలను అడుగలేక యాప్‌ను అడిగెను. ఎందుకు అడుగలేకపోయెను?

అయిదవది, హిజ్కియా చూపిన ధనాగారము.

రాజైన హిజ్కియా రోగమునుండి కోలుకొన్నప్పుడు బబులోనునుండి పరామర్శకు మనుష్యులు వచ్చిరి. అతడు సంతోషించి, వెండి బంగారములు, పరిమళ తైలము, ఆయుధశాల, ఏమియు దాచక వారికి చూపెను. ఒక దినమున అవియన్నియు బబులోనునకు పోవునని యెషయా చెప్పెను. హిజ్కియా దొంగను పిలువలేదు. తనకు కలిగినది చూపుకొనెను, అంతే.

మనమును అట్లే చేయుచున్నాము. క్రొత్త ఇల్లు, క్రొత్త నగలు, ఊరు వెళ్లిన సంగతి, పిల్ల చదువు బడి, పుట్టినదినము, అన్నియు ఊరంతటికి, ఊరికి బయటనున్నవారికి కూడ చూపుచున్నాము. ఆ విధవరాలి కుమారుని పేరు దొంగకు ఎట్లు తెలిసినదని మేము తరువాత విచారించితిమి. అతడు సెలవుకు వచ్చి తల్లితో తీసికొన్న ఫొటోను, తన పేరు, ఊరు, పనిచేయు దేశముతో సహా, ఎవరైనను చూచునట్లు పెట్టియుండెను. అది తప్పు కాదు, ప్రేమయే. అయినను అది గట్టులోని ఎండ్రకాయ బొరియ. మనవారికి మాత్రమే కనబడునట్లు అమర్చుకొనుట నేర్చుకొందము. ముఖ్యముగా ఆడపిల్లల ఫొటోలను వారినడుగక ఎవరును పెట్టరాదు. సంఘపు పండుగ ఫొటోలైనను సరే.

తన సంగతిని తనలో ఉంచుకొను హక్కు ధనవంతులకే కాదు, మనకును ఉన్నది. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకమై అది ప్రతి పౌరుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు ఒక చట్టము కూడ చేసెను. పరుని పేరును రహస్య సంఖ్యను దొంగిలించుట, పరుని వేషమున మోసగించుట 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము మూడేండ్లవఱకు చెఱసాలకు తగిన నేరములు. చట్టమున్నది, కాని గొఱ్ఱెల దొడ్డికి ద్వారమున్నంతమాత్రమున చాలదు, దానిని మూయవలెను గదా.

అయితే మనము భయపడి ఫోనును కొల్లేటిలో పారవేయవలెనా? వలదు. నెహెమ్యాను చూడుడి. గోడ కట్టుచుండగా సన్బల్లటు కబురు పంపెను: రమ్ము, కలిసికొందము. నాలుగుసార్లు పంపెను, నాలుగుసార్లును నెహెమ్యా ఒకే జవాబు చెప్పి పని విడిచి దిగలేదు. అయిదవసారి విప్పియున్న ఉత్తరము పంపి పుకారుతో బెదరించెను. దానికిని లొంగలేదు. తరువాత ఒక ప్రవక్తయే, నిన్ను చంపెదరు, ఆలయములో దాగుదము రమ్మనెను. వాడు కూలికి వచ్చినవాడని నెహెమ్యా గ్రహించెను. తొందరపెట్టు మాటను, భయపెట్టు మాటను, భక్తి వేషము వేసికొన్న మాటను అతడు ఒకే తక్కెడలో తూచెను. అతడు ప్రార్థన చేసెను, కావలియు పెట్టెను. ప్రార్థన చేసితిమి గనుక కావలి అక్కఱలేదనలేదు. కావలి యున్నది గనుక ప్రార్థన ఏల యనలేదు.

పౌలు పేర కూడ దొంగ ఉత్తరములు తిరిగినవని తోచుచున్నది. ఎందుకనగా థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికలో, తమ పేర వచ్చినట్టున్న ఉత్తరమును చూచి కలవరపడవద్దని హెచ్చరించి, చివర తన చేతితో వందనము వ్రాసి, తన ప్రతి పత్రికకు ఇదే గుర్తని చెప్పెను. అపొస్తలుడే గుర్తు పెట్టెనన్నప్పుడు మనము గుర్తు అడుగుట అవిశ్వాసము కాదు, మర్యాదలేనితనమును కాదు. ఇది మన పెద్దవారికి మఱి మఱి చెప్పవలెను. "అంత మర్యాదగా మాట్లాడుతుంటే మధ్యలో ఎలా పెట్టేయను బాబూ?" అని వారడుగుదురు. పెట్టివేయుడి, తల్లీ. దొంగకు మర్యాద బాకీ లేదు.

మోసము జరిగినయెడల ఒక్క గడియయు ఆలస్యము చేయరాదు. 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను; ఇది దేశమంతటికి ఒకటే సంఖ్య. డబ్బు ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు పరుగెత్తుచుండగా మధ్యలోనే దానిని ఆపుటకు వీరు బేంకులతో కలిసి ప్రయత్నింతురు. తొలి గంటలో చెప్పినవారికి ఆశ యున్నది. దినములు గడచినకొలది అది తగ్గును. తరువాత మన బేంకునకు, పోలీసు స్టేషనునకు తెలియజేయవలెను. రిజర్వు బేంకు 2017 జూలై 6న చెప్పిన నియమము ప్రకారము మన తప్పిదము గాని బేంకు తప్పిదము గాని లేక బయటివాడు డబ్బు తీసినప్పుడు, బేంకునుండి ఆ కబురు అందిన మూడు పనిదినములలో బేంకునకు తెలిపినచో మనకు నష్టముండదు. మన నోటనే రహస్యము చెప్పియున్నను, బేంకునకు తెలిపిన తరువాత జరుగు నష్టము బేంకుదే. కావున ఏ విధముగా చూచినను నోరు మూసికొనుటవలన లాభము దొంగకే.

ఇప్పుడు ఆ సహోదరియొద్దకు మరల వచ్చెదము. ఆమె పందొమ్మిది దినములు ఎందుకు ఊరకుండెను? 1930 సంఖ్య తెలియదు, నిజమే. కాని చెప్పుకొనుటకు సంఘమున్నది గదా! ఆమె మాతో తరువాత చెప్పిన మాట ఇది: "అయ్యా, దొంగ తీసుకెళ్లింది డబ్బే. మీకు చెబితే నా పేరు కూడా పోతుందని భయపడ్డాను." ఆమె భయము నిజమాయెను. దొంగ ఆమె సొమ్ము తీసికొనెను. వెనుక వరుసలో పలికిన నోరును, వినియు మౌనముగా నున్న మా చెవులును ఆమె పేరును తీసికొనినవి. ఏది పెద్ద దొంగతనము? మంచి పేరు గొప్ప ఐశ్వర్యముకంటె మేలైనదని సామెతల గ్రంథము బోధించుచున్నది గదా.

లూకా సువార్తలో నాణెము పోగొట్టుకొన్న స్త్రీని గూర్చి మేము ఎన్నో ప్రసంగములు చేసితిమి. ఆమె దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి వెదకెను. దొరకగానే చెలికత్తెలను, పొరుగువారిని పిలిచెను. పిలువదగిన పొరుగువారు ఆమెకుండిరి. ఆ సంగతిని మేము ఇన్నాళ్లు గమనింపలేదు. "డబ్బు పోయెనా? ఎట్లు పోయెను? అంత తెలివి లేదా?" యని అడుగు పొరుగువారైనయెడల ఆమె దీపము వెలిగించుటకు కూడ భయపడియుండును.

పండుగ గడచిన వారము ఆమె మనుమరాలు బేంకు పుస్తకమును తీసికొనివచ్చి సంఘపెద్దల ముందు పెట్టెను. ఒకే దినమున మూడు మొత్తములు పోయినట్లు అందులో నుండెను. ఇంటి రేకులకు డబ్బు కుమారుడు అంతకుముందు నెలలోనే పంపియుండెను. మరుసటి ఆదివారము ఆరాధనలో సంఘపెద్ద లేచి అందఱి పక్షమున ఆమెను క్షమాపణ వేడెను. మేమును వేడితిమి. పోయిన డబ్బు తిరిగి రాలేదు. ఆమెయే ధనాధికారిగా నున్నది. అయితే సమాజపు డబ్బు ఇప్పుడు ఇద్దరి సంతకములతో వేరే ఖాతాలో నున్నది. అది ఆమెమీద అనుమానముచేత కాదు, ఆమెమీద మరల అనుమానము రాకుండుటకే.

దొంగను గూర్చి కూడ ఒక మాట. 2024 మే నెలలో విశాఖపట్టణము పోలీసులు ఒక సంగతి బయటపెట్టిరి. కంప్యూటరు ఉద్యోగములని నమ్మించి మన ఆంధ్ర యౌవనులను కంబోడియాకు తీసికొనిపోయి, అక్కడ వారిని నిర్బంధించి, ఇట్టి మోసపు ఫోనులు చేయించుచున్నారు. అందఱు దొంగలును అట్టివారని మేము చెప్పము. అయినను "అమ్మగారండీ" అని తెలుగులో పిలిచిన ఆ గొంతు యోసేపువలె అమ్ముడుపోయిన ఒక తల్లి బిడ్డది కావచ్చును. విదేశమునకు పోవు మన పిల్లల ఉద్యోగ పత్రములను పెద్దలు పరీక్షించి చూడవలెను. పోయి చిక్కినవారికొఱకు ప్రార్థింపవలెను. మోసమును ద్వేషింతము, ఫోను పెట్టివేయుదము, ఆత్మనాశనమును మాత్రము కోరకుందము.

సర్పములవలె వివేకము, పావురములవలె నిష్కపటము కలిసియుండవలెనని ప్రభువు తన శిష్యులను పంపునప్పుడు బోధించెను. మన పల్లె సంఘములకు నిష్కపటము కొదువ లేదు. వివేకమును నేర్చుకొనుట మిగిలియున్నది. ఈ నెలలో ప్రతి సంఘమందును ఒక సాయంకాలము యౌవనులు పెద్దవారి ప్రక్కన కూర్చుండి, వారి ఫోనులో 1930 సంఖ్యను వ్రాసిపెట్టి, తెలియని యాప్‌లను తీసివేసి, తాళములు వేసిపెట్టవలెనని కోరుచున్నాము. నవ్వక, విసుగుకొనక చేయవలెను. అదియు ఒక పాదములు కడుగు సేవయే.

న్యాయాధిపతుల కాలములో యొర్దాను రేవునొద్ద ఒక్క మాట పలికించి, తమవాడెవడో పరుడెవడో తెలిసికొనిరి. అక్కడ ఆ మాట చంపుటకు వాడబడెను. ఆ సహోదరి దానిని కాచుకొనుటకు వాడుచున్నది. ఆమె కుమారుడు ఏ క్రొత్త నంబరునుండి పిలిచినను, ఎంత అతని గొంతువలె నున్నను, ముందుగా తన చిన్నతనములో ఇంటనుండిన గేదె పేరు చెప్పవలెను. ఆ గేదెను తల్లి, కొడుకు, మనుమరాలు తప్ప ఇప్పుడెఱిగినవారు లేరు. దాని పేరేమిటమ్మా యని మేమడిగితిమి. ఆమె నవ్వి, "మీకు కూడా చెప్పనండి అయ్యగారూ" అనెను.

ప్రార్థన: మంచి కాపరివైన ప్రభువా, నీ స్వరమును గుర్తుపట్టు చెవిని మాకిమ్ము. అన్యుని స్వరము ఎంత తియ్యగా నున్నను, ఎంత భయపెట్టినను, దాని వెంట పోకుండ మమ్మును ఆపుము. మోసపోయినవారిని సిగ్గుపరచిన మా నోళ్లను క్షమింపుము. వారు ముందుగా మాయొద్దకే పరుగెత్తి వచ్చునట్లు మమ్మును మంచి పొరుగువారినిగా చేయుము. దూరదేశములలో చిక్కిన మా పిల్లలను విడిపింపుము. ఆమేన్.